వెనక్కి నొక్కి పట్టుకోవడం: గైల్‌తో నా రెండేళ్ల అనుభవం

స్ట్రీట్ ఫైటర్ 6 అనే పోరాట వీడియో గేమ్ విడుదలైన 2023 జూన్ నెలాఖరులోనే నేను ఆ ఆట కొన్నాను. మొదటి నెల రోజుల్లో, గెలుపోటములను బట్టి స్థాయి మారే ఆన్‌లైన్ ర్యాంక్డ్ విభాగంలో 62 మ్యాచ్‌లు ఆడి 14 మాత్రమే గెలిచాను. ఓటమి కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది, ఎందుకు ఓడిపోతున్నానో ఒక్క మ్యాచ్‌లోనూ అర్థం కాకపోవడం. అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో గణితం చెప్పే నాకు, తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండా తప్పు జవాబు రావడం మింగుడుపడని విషయం. పిల్లవాడి కాగితంలో అయితే మూడో మెట్టులో గుర్తు మారిందని చూపించగలను, ఇక్కడ ఏ మెట్టూ కనిపించేది కాదు. సాయంత్రం స్టడీ అవర్ ముగించుకొని ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, భోజనమై పాప నిద్రపోయాక మిగిలేది గంట, మహా అయితే గంటంపావు. రోజుకు ఆ ఒక్క గంటతో, గైల్ అనే పాత్రతో ఆడుతూ, ఐరన్ నుంచి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ దాటి ప్లాటినం ర్యాంకు చేరడానికి నాకు రెండేళ్లు పట్టింది.

పోరాట ఆటలు నాకు కొత్తవి కావు. నేను పదో తరగతి చదివిన 2001లో క్లాక్ టవర్‌కు దగ్గరలోని ఒక సందులో నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్లు పెట్టి గంటకు పది రూపాయల లెక్కన ఆడించే గది ఒకటి ఉండేది. అందులో ఎప్పుడూ ఖాళీ లేకుండా నడిచేది టెక్కెన్ 3. కపోయెరా అనే బ్రెజిల్ పోరాట విద్య తెలిసిన ఎడ్డీ గోర్డో పాత్రను తీసుకొని రెండు కాలి బటన్లను ఎడాపెడా నొక్కితే చాలు, ఎదుటివాడు కోలుకోలేకపోయేవాడు. ఓడినవాడు లేచి కంట్రోలర్ అందించాలన్నది ఆ గది నియమం. అక్కడ బ్లాక్ చేయడాన్ని, అంటే దెబ్బను కాచుకోవడాన్ని, పిరికితనంగా చూసేవాళ్లు కనుక ఎవరి చేయి ఎక్కువ ఆడితే వారిదే గెలుపు. ఇరవై రెండేళ్ల తరువాత నేను ఆన్‌లైన్ ఆటకు తీసుకువెళ్లిన విద్య మొత్తం అదే. కానీ ఇక్కడ అవతల కూర్చున్నవాడు బ్లాక్ చేసేవాడు, నా దెబ్బల వరస ముగిసేదాకా ఓపిక పట్టేవాడు, ముగిసిన క్షణంలో కొట్టేవాడు.

గైల్‌ను ఎంచుకోవడానికి కారణం పాత పరిచయం. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 నాటినుంచి ఉన్న పాత్ర అతడు, అమెరికా వైమానిక దళానికి చెందినవాడు. అతడి ఆటంతా రెండు దెబ్బల మీద నిలబడుతుంది. వెనక్కి దిశను కొంతసేపు నొక్కి పట్టుకొని, ఒక్కసారిగా ముందుకు నొక్కుతూ పంచ్ బటన్ కొడితే సోనిక్ బూమ్ అనే గాలి అల తెర మీద ముందుకు సాగిపోతుంది. కిందికి నొక్కి పట్టుకొని, పైకి నొక్కుతూ కిక్ బటన్ కొడితే గైల్ వెనక్కి పల్టీ కొడుతూ, ఎగిరి వస్తున్నవాడిని కాలితో కొట్టి పడేస్తాడు. దాని పేరు సోమర్‌సాల్ట్ కిక్. ఇలా నొక్కి పట్టుకోవడాన్ని ఆడేవాళ్లందరూ చార్జ్ అంటారు. దిశను కింద, వెనక కలిసే మూలకు పట్టుకుంటే రెండు చార్జ్‌లూ ఒకేసారి నిండుతాయి, పైగా వంగి బ్లాక్ చేసే దిశ కూడా అదే. ఆయుధమూ రక్షణా ఒకేచోట దొరికాయని తెలిసినప్పుడు నాకు గొప్ప నిధి దొరికినట్లనిపించింది. దానికి చెల్లించాల్సిన వెల తరువాత తెలిసింది: ముందుకు ఒక్క అడుగు వేస్తే నిండిన చార్జ్ పోతుంది. స్థలం కావాలంటే ఆయుధాన్ని వదులుకోవాలి, ఆయుధం కావాలంటే స్థలాన్ని వదులుకోవాలి. గైల్ ఆటలోని ప్రతి నిర్ణయమూ ఈ బేరం చుట్టూనే తిరుగుతుంది.

మొదటి రెండు నెలలు నేను చేసింది దిశను ఆ మూలకే పట్టుకొని కూర్చొని, చార్జ్ నిండగానే బూమ్ వదలడం, మళ్లీ నిండగానే మళ్లీ వదలడం. కాంబోలు, అంటే ఒకదాని వెంట ఒకటి తగిలే దెబ్బల వరసలు, మాత్రం బాగా సాధన చేశాను. ట్రైనింగ్‌లో కదలని బొమ్మ మీద పదికి తొమ్మిదిసార్లు వచ్చే కాంబోను మ్యాచ్‌లో ఆడే అవకాశమే వచ్చేది కాదు. ఆ వినాయక చవితికి బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చొని నాలుగైదు మ్యాచ్‌లు మాట్లాడకుండా చూశాడు. తరువాత ఒక మాట అన్నాడు.

“మామా, నువ్వు నీ గైల్‌నే చూసుకుంటాండావు. అవతలోన్ని చూడు. రెండో బూమ్ ఏసిన ప్రతిసారీ ఎగుర్తాండాడు. నాలుగుసార్లు ఎగిరినాడు, నువ్వు ఒక్కసారన్నా కొట్టినావా?”

నిజమే, నాలుగుసార్లూ తల మీద తన్నించుకున్నాను. చార్జ్ ఉంది, దెబ్బ తెలుసు, చేయి కూడా తిరుగుతుంది. ఎదుటివాడు ఎగురుతాడన్న సంగతి మాత్రం నా మనసులో లేదు, ఎందుకంటే నా కళ్లు నా బొమ్మ కాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆ రాత్రి వాడు నాకు పెట్టిన పరీక్ష ఏమిటంటే, గెలుపోటముల సంగతి వదిలేసి పది మ్యాచ్‌లు ఆడాలి, ప్రతి మ్యాచ్ ముగియగానే ఎదుటివాడికి ఉన్న ఒక అలవాటు చెప్పాలి. మొదటి మూడు మ్యాచ్‌ల తరువాత నేను ఏమీ చెప్పలేకపోయాను. నాలుగోదాని తరువాత, “కింద పడి లేచిన ప్రతిసారీ ఏదో ఒక బటన్ నొక్కుతున్నాడు” అన్నాను. ఆ పది మ్యాచ్‌లలో నేను గెలిచినవి రెండే అయినా, ఈ రెండేళ్లలో నేను అంతగా నేర్చుకున్న రాత్రి మరొకటి లేదు.

అప్పటినుంచి సోనిక్ బూమ్ నాకు దెబ్బలా కాక ఎదుటివాడిని అడిగే ప్రశ్నలా కనిపించసాగింది. బూమ్ తన వైపు వస్తున్నప్పుడు అతడి ముందున్న దారులు లెక్కపెట్టదగినన్నే ఉంటాయి. బ్లాక్ చేస్తే అతడి డ్రైవ్ గేజ్, అంటే ప్రత్యేక కదలికలకు ఖర్చయ్యే శక్తి నిల్వ, కొంత తరుగుతుంది. పారీ చేస్తే, అంటే దెబ్బను పక్కకు నెట్టేసే ప్రత్యేక రక్షణ వాడితే, గేజ్ పెరుగుతుంది గానీ ఉన్నచోటే నిలబడిపోవాలి, ఆ సమయంలో దగ్గరికి వెళ్లి పట్టుకొని విసిరితే మామూలు కన్నా ఎక్కువ నష్టపోతాడు. ఎగిరితే సోమర్‌సాల్ట్ కిక్ సిద్ధంగా ఉంటుంది. డ్రైవ్ ఇంపాక్ట్ అనే బలమైన దెబ్బ కొడితే అది రెండు దెబ్బల వరకు ఓర్చుకొని బూమ్‌ను చీల్చుకుంటూ వస్తుంది. లైట్ పంచ్‌తో వదిలిన బూమ్ నెమ్మదిగా సాగుతుంది, హెవీ పంచ్‌తో వదిలినది వేగంగా పోతుంది. నెమ్మదైన బూమ్ వదిలి దాని వెనుకే నాలుగడుగులు నడిస్తే, అది ఎదుటివాడిని చేరేసరికి నేనూ పక్కనే ఉంటాను. స్థలానికి, ఆయుధానికి మధ్య ఉన్న బేరాన్ని గైల్ కొంతవరకు తప్పించుకోగలిగేది ఈ ఒక్క దారిలోనే, ఎందుకంటే బూమ్ ఎదురుగా ఉన్నంతసేపు చార్జ్ లేకపోయినా నాకు భద్రత ఉంటుంది. ఇవన్నీ ఏ పరిచయ వీడియో చూసినా తెలిసే విషయాలే. అయితే ఈ నాలుగు దారుల్లో ఫలానా మనిషి దేన్ని ఇష్టపడతాడో మొదటి రౌండ్ సగంలోగా గమనించడం ఏ వీడియో నేర్పదు. నా దృష్టిలో ఒక పాత్రను నేర్చుకోవడమంటే, ఆ పాత్ర ఎదుటివాడి ముందు ఏ ప్రశ్నలు పెట్టగలదో తెలుసుకొని, అతడి జవాబుల కోసం చూడడం.

చూపు మారినా, చేతుల పని మిగిలే ఉంది. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేముల, అంటే తెర మీద మారే 60 చిత్రాల, మీద నడుస్తుంది, కాబట్టి ఒక ఫ్రేము అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. పాత్రల మామూలు దెబ్బల్లో అత్యంత వేగమైనవి 4 ఫ్రేములలో తగులుతాయి. ఈ ఒక్క అంకెతో నా ఓటముల్లో సగం అర్థమయ్యాయి. నా దెబ్బను అతడు బ్లాక్ చేసిన తరువాత నేను అతడి కన్నా 3 ఫ్రేములు ఆలస్యంగా కదలగలిగే స్థితి ఉందనుకుందాం. ఇద్దరమూ 4 ఫ్రేముల దెబ్బే నొక్కినా అతడిది నాలుగో ఫ్రేములో, నాది ఏడో ఫ్రేములో వస్తుంది. అంటే నేను ఎంత వేగంగా నొక్కినా ఆ పోటీలో గెలవలేను. పాత గదిలో నేర్చుకున్న ఎడాపెడా నొక్కుడు సరిగ్గా అక్కడే నన్ను చంపుతోంది. ట్రైనింగ్ మోడ్‌లో ఈ అంకెలు తెర మీదే కనిపిస్తాయి. నేను గైల్ దెబ్బలన్నిటినీ కంఠస్థం చేయకుండా, మ్యాచ్‌లో నిజంగా వాడే ఏడింటిని ఒక కాగితం మీద రాసుకొని, ప్రతిదాని ఎదుట “వంతు నాది”, “వంతు అతడిది” అని మాత్రం గుర్తు పెట్టుకున్నాను. లెక్కల మాస్టరుకు పట్టిక అంటే ఇష్టం నిజమే గానీ, ఆటలో గుర్తుకు రాని అంకె ఎందుకూ పనికిరాదు.

డ్రైవ్ ఇంపాక్ట్ సంగతి వేరుగా చెప్పాలి. అది బయటికి రావడానికి 26 ఫ్రేములు పడుతుంది, అంటే సెకనులో సగం కూడా లేదు. దానికి సరైన జవాబు మనమూ డ్రైవ్ ఇంపాక్ట్ కొట్టడం, ఎందుకంటే తరువాత కొట్టినవాడిదే పైచేయి అవుతుంది. మామూలు మనిషి కంటితో చూసి చేతితో నొక్కడానికి 12 నుంచి 15 ఫ్రేముల దాకా పోతాయి, టీవీ ఆలస్యం, నెట్ ఆలస్యం దానికి అదనం. అది వస్తుందని మనసులో చోటు ఇచ్చినవాడికే అది కనిపిస్తుంది, వేరే ఆలోచనలో ఉన్నవాడికి కనిపించదు. ట్రైనింగ్‌లో బొమ్మకు నాలుగు కదలికలు రికార్డు చేశాను: ఒకటి డ్రైవ్ ఇంపాక్ట్, ఒకటి వంగి తన్నడం, ఒకటి ముందుకు నడవడం, ఒకటి ఎగరడం. వాటిని యాదృచ్ఛికంగా నడవనిచ్చి, ఏది వచ్చినా సరైన జవాబు ఇచ్చే అభ్యాసం రోజుకు పావుగంట చొప్పున మూడు వారాలు చేశాను. మొదటి రోజు పదికి రెండుసార్లు పట్టుకోగలిగాను, మూడో వారం చివరికి పదికి ఏడుసార్లు.

వయసు గురించిన బెంగ ఆ రోజుల్లో నాలో గట్టిగా ఉండేది. 37 ఏళ్లకు ఈ వేగం చేతికి వస్తుందా అని అనుకుంటుండగానే, 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతక క్రీడగా జరిగింది. మన దేశం తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు అప్పుడు 44. ఆ వార్త చదివాక నా బెంగను పక్కన పెట్టేశాను.

ఇక ఇంటర్నెట్. ఆన్‌లైన్‌లో బాగా ఆడాలనుకునేవాడు తన పాత్రకు ఇచ్చినంత శ్రద్ధ తన తీగకూ ఇవ్వాలని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మా ఇంట్లో రౌటర్ వరండా గదిలో ఉంటుంది, టీవీ రెండు గోడల అవతల హాలులో ఉంటుంది. నెలల తరబడి వైఫై మీదే ఆడాను. వేగం కొలిస్తే సెకనుకు వంద మెగాబిట్లు చూపేది, అయినా మ్యాచ్ మధ్యలో ఎదుటివాడు ఉన్నట్టుండి రెండడుగుల అవతలికి గెంతినట్లు కనిపించేవాడు. ఈ ఆటకు కావలసింది ఎక్కువ వేగం కాదు, తడబాటు లేని నడక. ఈ తరం పోరాట ఆటలు రోల్‌బ్యాక్ అనే పద్ధతిలో నడుస్తాయి. అవతలివాడి బటన్ నొక్కుడు మన దగ్గరికి చేరేలోపు, అతడు ఇంతకుముందు నొక్కినదే ఇంకా నొక్కుతున్నాడని మన యంత్రం ఊహించి ఆటను ముందుకు నడిపిస్తుంది. ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి, నిజంగా జరిగినదానితో సరిచేస్తుంది. 2006 ప్రాంతంలో టోనీ కానన్ అనే ప్రోగ్రామర్ తయారుచేసిన జీజీపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది. వైఫైలో సంకేతం ఒకసారి 5 మిల్లీసెకన్లకు, మరొకసారి 60కి చేరుతుంటే ఈ సవరణలు పెద్దవవుతాయి, ఎగురుతున్నవాడు మనకు కనిపించేసరికే సగం దూరం వచ్చేసి ఉంటాడు. నేను కోల్పోయిన సోమర్‌సాల్ట్ కిక్‌లలో కొన్నైనా దీని పుణ్యమే.

రౌటర్ నుంచి టీవీ దాకా ఇరవై మీటర్ల కేబుల్ వేయించి, టీవీలో తెర ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టుకున్నాక తేడా మొదటి మ్యాచ్‌లోనే తెలిసింది. అయినా రాత్రి తొమ్మిది తరువాత మళ్లీ తడబాటు ఉండేది. నెట్ ఇచ్చేవారికి నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ “రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్” అన్నారు. ఐదోసారి, పింగ్ (సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) అంకెలను గంట గంటకూ రాసిన కాగితం పట్టుకొని స్వయంగా వెళ్లి కూర్చున్నాను. మరునాడు వచ్చిన లైన్‌మన్ స్తంభం దగ్గర వంగిపోయిన ఫైబర్ తీగను కత్తిరించి కొత్తగా అతికించిపోయాడు. అప్పటికి ఏడాది గడిచింది.

దూరం అనేది మాత్రం ఏ లైన్‌మన్‌కూ లొంగనిది. గాజు తీగలో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. ఇక్కడినుంచి బెంగళూరుకు 200 కిలోమీటర్ల పైచిలుకు కనుక ఆ దూరం లెక్కలోకి రాదు. చెన్నై నుంచి సింగపూర్ సుమారు 3,000 కిలోమీటర్లు, రానూపోనూ కనీసం 30 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 2 ఫ్రేములు. దారిలోని మలుపులన్నీ కలిసి నాకు నిజంగా కనిపించేది 70 దాకా ఉంటుంది. మ్యాచ్ ఒప్పుకునే ముందు ఎదుటివారి కనెక్షన్ ఎలా ఉందో, తీగా వైఫైనా అన్నది ఆటే చూపిస్తుంది. వైఫై గుర్తు కనిపిస్తే నేను ఆడను. ఇది అహంకారమని నాతో వాదించినవాళ్లున్నారు, కానీ రోజుకు గంట మాత్రమే ఉన్నవాడు ఆ గంటను తడబడే మ్యాచ్‌లకు ఇస్తే తప్పుడు అలవాట్లు నేర్చుకుంటాడని నేను నమ్ముతాను.

నా ఆటను నిలకడగా పైకి తెచ్చినది రీప్లేలు, అంటే ఆడిన మ్యాచ్‌ల రికార్డింగులు, చూడడం. 2024 వేసవి సెలవుల్లో ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం పెట్టి, ఓడిన ప్రతి మ్యాచ్‌కు ఒకే ఒక్క వాక్యం రాయాలని నియమం పెట్టుకున్నాను. చివరి రౌండ్‌లో నా ప్రాణంలో పెద్ద ముక్క ఎలా పోయింది అన్నదే ఆ వాక్యం. యాభై ఓటములు రాశాక లెక్కవేస్తే, 19 ఎగిరి వచ్చినవాడిని కొట్టకపోవడం వల్ల, 14 బర్నౌట్‌లో ఉండగా, 9 త్రోల (పట్టుకొని విసరడాల) వల్ల, మిగతా 8 రకరకాల కారణాల వల్ల పోయాయి. బర్నౌట్ అంటే డ్రైవ్ గేజ్‌లోని ఆరు గడులూ ఖాళీ అయిన స్థితి. అప్పుడు ప్రత్యేక దెబ్బలను బ్లాక్ చేసినా ప్రాణం తరుగుతుంది, కార్నర్‌లో (తెర అంచున) ఉండి డ్రైవ్ ఇంపాక్ట్‌ను బ్లాక్ చేసినా స్పృహ తప్పుతుంది. 14 ఓటములు దానివల్లనని కాగితం మీద చూసేదాకా నాకు తెలియదు. నేను ఆ స్థితికి ఎలా చేరుతున్నానో వెతికితే, దెబ్బను మధ్యలోనే ఆపి డ్రైవ్ రష్ అనే ముందుకు దూసుకెళ్లే కదలికలోకి మార్చినప్పుడల్లా మూడు గడులు ఖర్చవుతున్నాయని, అందులో ఎక్కువసార్లు ఎదుటివాడు బ్లాక్‌లోనే ఉన్నాడని తేలింది. నెల రోజులు ఆ పని పూర్తిగా మానేశాను. ఇంకేమీ మారకుండానే సిల్వర్ నుంచి గోల్డ్‌కు వచ్చాను. రీప్లేలో ఎదుటివాడు నొక్కిన బటన్లు కూడా కనిపిస్తాయి కాబట్టి, అతడు భయపడి నొక్కుతున్నాడో ఆలోచించి నొక్కుతున్నాడో తెలుస్తుంది. నన్ను హడలెత్తించిన, కెన్ అనే పాత్రతో ఆడే ఒక ఆటగాడు తాను లేచిన ప్రతిసారీ ఒకే బటన్‌ను ఆరేడుసార్లు కొడుతున్నాడని చూసినప్పుడు, క్లాక్ టవర్ గదిలో కూర్చున్న నేనే గుర్తుకొచ్చాను.

మేనల్లుడి హాస్టల్ స్నేహితుడు ఒకడు ప్రొద్దుటూరువాడు, జాంగీఫ్ అనే పాత్రతో ఆడతాడు. ఆదివారం సాయంత్రాలు మేము పది గెలుపుల దాకా ఆడుకుంటాము. ర్యాంక్డ్‌లో ఒక మనిషితో రెండు మూడు ఆటలే దొరుకుతాయి, అలవాటు తెలిసేసరికి అతడు వెళ్లిపోతాడు. ఒకే మనిషితో పదిహేను, ఇరవై ఆటలు ఆడడం పూర్తిగా వేరే చదువు. జాంగీఫ్‌కు దూరం నుంచి విసిరే ఆయుధం లేదు, దగ్గరికి వచ్చి పట్టుకుంటే మాత్రం ఆ పట్టును బ్లాక్ చేయలేము, ఎగిరి తప్పించుకోవడమే. మొదట్లో నేను దూరంగా ఉండి బూమ్‌లు వదులుతూ గెలిచేవాణ్ణి. మూడో వారానికి అతడు బూమ్‌లను పారీ చేసి గేజ్ నింపుకోవడం, ఆ పారీ నుంచే డ్రైవ్ రష్‌తో దూసుకురావడం నేర్చుకున్నాడు. నేను నెమ్మదైన బూమ్ వెనుక నడిచి, పారీలో ఉన్నవాడిని విసరడం మొదలుపెట్టాను. అతడు పారీ తగ్గించి డ్రైవ్ ఇంపాక్ట్ తెచ్చాడు. నేను దానికి పావుగంటల అభ్యాసంతో జవాబు చెప్పాను. ఇలా నాలుగు నెలలు గడిచాక, ఒక ఆదివారం వరుసగా ఆరు ఆటలు ఓడిపోయి, ఏమి జరుగుతోందో తెలియక ఫోన్‌లో అతడినే అడిగాను.

“సార్, మీరు రెండు బూమ్‌లు ఏసినాక కచ్చితంగా ఒక అడుగు ముందుకొస్తారు. అప్పుడు మీకు చార్జ్ ఉండదు. ఆ అడుగు కోసమే నేను కాసుకోనుంటా” అన్నాడు.

రీప్లే తెరిచి చూశాను. ఆరు ఆటల్లో పదకొండుసార్లు ఆ అడుగు వేశాను, ఎనిమిదిసార్లు అతడు సరిగ్గా అప్పుడే ఎగిరాడు. నేను ఇతరుల అలవాట్లు రాసుకుంటున్న నోటు పుస్తకంలో ఆ రాత్రి మొదటిసారి నా పేరు రాసి, కింద ఆ అడుగును రాసుకున్నాను. ఇప్పుడు రెండో బూమ్ తరువాత ఒక్కోసారి నడుస్తాను, ఒక్కోసారి వెనక్కి నొక్కి పట్టుకొనే ఉంటాను, ఒక్కోసారి నడవబోయినట్లు చిన్నగా కదిలి ఆగి, కింద చార్జ్ నింపుకొని అతడు ఎగరడం కోసం చూస్తాను. మొన్నటి ఆదివారం 10-8తో గెలిచాను. అయితే చివరి మూడు ఆటల్లో అతడు ఎగరడం పూర్తిగా మానేసి, నేను ఆగినప్పుడల్లా మెల్లగా నడుచుకుంటూ ముందుకు వచ్చాడు. దానికి జవాబు ఏమిటో వచ్చే ఆదివారంలోగా ట్రైనింగ్‌లో చూసుకోవాలి.